ఫైబర్ బొమ్మకు చీర కట్టి ఫోన్‌తో ఫొటో తీయడం ఎలా

మహబూబ్‌నగర్‌లో మా ఇంటి ముందుగదిలో ఒక నిలువెత్తు ఫైబర్ బొమ్మ ఉంటుంది. మూతపడ్డ బట్టల షాపు నుంచి సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. గద్వాల, నారాయణపేట చీరలు దానికి కట్టి, ఫొటోలు తీసి వాట్సాప్‌లో అమ్ముతాను. (కరెంటు పోతే మా అత్తమ్మ దాన్ని చూసి హడలిపోతుంది, అందుకే పొద్దుగూకగానే దుప్పటి కప్పేస్తాం.) ఈ పని కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ముందు అడిగేది ఏ ఫోన్ కొనాలని. ఉన్న ఫోన్ చాలు. ఖర్చు పెట్టాలనుకుంటే ఒక ట్రైపాడ్, ఒక తెల్ల థర్మాకోల్ షీట్ కొనుక్కోండి.

ముందు కట్టడం సరిగ్గా కుదరాలి. ఫైబర్ నున్నగా ఉంటుంది కాబట్టి లంగా జారిపోతుంది. నడుముకు పాత టవల్ చుట్టి, దాని మీద నాడా బిగించండి. బొమ్మకు పిన్నీసు గుచ్చలేం కదా, కుచ్చిళ్ళ పిన్నీసు ఆ టవల్‌లోకి దిగుతుంది. పైగా షాపు బొమ్మల నడుము మరీ సన్నం, టవల్‌తో కాస్త మనుషుల నడుములా కనిపిస్తుంది. జాకెట్ తొడగాలంటే చేతులు ఊడదీసి, తొడిగాక మళ్ళీ బిగించాలి. పట్టు మీద, జరీ మీద మాత్రం పిన్నీసు పెట్టకండి. రంధ్రం పడితే ఆ చీర ఎవరు కొంటారు? కుచ్చిళ్ళు నేలకు ఆనేలా వదిలితే కింది స్టాండు కనపడదు. ముఖం మెరుస్తుంటే కొంచెం పౌడర్ అద్దండి.

ఇక వెలుతురు. ఫ్లాష్ వద్దు, ట్యూబ్‌లైటూ ఆర్పేయండి. కిటికీ వెలుగులో అది కలిస్తే చీర ఒకపక్క ఒక రంగు, ఇంకోపక్క ఇంకో రంగు కనిపిస్తుంది. నేరుగా ఎండ పడని కిటికీ పక్కన బొమ్మను నిలబెట్టి, వెలుగు ఒక పక్క నుంచి వచ్చేలా తిప్పండి. నీడపడే రెండోవైపు థర్మాకోల్ షీట్ ఆనించండి. మా గోడలకు ఆకుపచ్చ రంగు, దాని ఛాయ చీర మీద పడుతుంది. అందుకే వెనక తెల్ల దుప్పటి కడతాను. బొమ్మను గోడకు మూడు, నాలుగడుగులు ముందుకు జరిపితే వెనక గట్టి నీడ పడదు.

గద్వాల చీరతో అసలు తిప్పలు అంచు దగ్గరే. ఒడలు (అంచూ కొంగూ కాక మిగిలిన చీర) నూలు, అంచూ కొంగూ పట్టు. నూలు వెలుగును మింగేస్తుంది, పట్టూ జరీ తిరిగి కొడతాయి. ఫోన్‌కు వదిలేస్తే ఒడలు బాగా వచ్చి జరీ తెల్లగా పేలిపోతుంది. స్క్రీన్ మీద అంచు దగ్గర వేలు నొక్కిపట్టి, ఫోకస్ లాక్ అయ్యాక స్క్రీన్ మీదే ఫొటో వెలుగు (ఎక్స్‌పోజర్) కొద్దిగా తగ్గించండి. జరీ పోగులు విడివిడిగా కనిపించేవరకే తగ్గించాలి, అంతకు మించి తగ్గిస్తే ఒడలు మురికిగా వస్తుంది. ముదురు రంగు చీరలను ఫోన్ తనంతట తాను తేలిక చేసి చూపిస్తుంది, వాటికీ తగ్గించాలి. తెల్ల చీర బూడిద రంగులో వస్తే పెంచాలి.

లెన్స్‌ను మెత్తటి నూలు గుడ్డతో తుడిచాకే తీయండి. దగ్గరకు వెళ్ళి తీస్తే బొమ్మ ఆకారం సాగినట్టు వస్తుంది. ఏడెనిమిది అడుగులు వెనక్కి జరిగి, ఫోన్‌లో జూమ్ (టెలిఫొటో) లెన్స్ ఉంటే 2ఎక్స్‌లో తీయండి. ఫోన్ బొమ్మ నడుము ఎత్తులో ఉండాలి. మనం నిలబడి కంటి ఎత్తు నుంచి తీస్తే కాళ్ళు పొట్టివవుతాయి. ట్రైపాడ్ లేకపోతే స్టూలు మీద పుస్తకాలు పేర్చి ఆనించి, మూడు సెకన్ల టైమర్ పెట్టండి. నారాయణపేట గళ్ళ చీరలకు ఫోన్ కెమెరాలో గ్రిడ్ గీతలు ఆన్ చేసుకోవాల్సిందే. ఫోన్ కాస్త వంగినా గళ్ళు ఇట్టే పట్టిచ్చేస్తాయి.

నిలువు ఫొటోతోపాటు అంచు, కొంగు దగ్గరగా ఒక్కొక్కటి తీయండి. ఫిల్టర్లు వేయకండి, చీర చేతికొచ్చాక రంగు వేరే ఉందని వాపస్ పంపుతారు. కొనేవాళ్ళు నేత పోగులు చూడాలని అడిగితే ఫొటోను డాక్యుమెంట్‌గా పంపండి, మామూలుగా పంపితే వాట్సాప్ సైజు తగ్గించి జరీనంతా అలికేస్తుంది.