మీ క్లబ్ కొనుగోళ్లను తిట్టే ముందు వేయాల్సిన లెక్క

ఇంగ్లండ్ ఫుట్‌బాల్ ప్రీమియర్ లీగ్‌లో మీ జట్టు ఎవరినైనా కొంటే ధరతో పాటు కాంట్రాక్టు ఎన్నేళ్లో చూడండి. 6 కోట్ల పౌండ్లకు 5 ఏళ్ల కాంట్రాక్టుతో తెచ్చిన ఆటగాడి ఖర్చు ఖాతాల్లో ఏటా 1.2 కోట్ల చొప్పున పడుతుంది, జీతం వేరే. రెండేళ్లయ్యాక పుస్తకాల్లో అతని విలువ 3.6 కోట్లు. అప్పుడు 3 కోట్లకు అమ్మితే ఆ ఏడు 60 లక్షల నష్టం రాయాలి. ఆడనివాణ్ని ఇంకా ఎందుకు మోస్తున్నారన్న ప్రశ్నకు చాలాసార్లు జవాబు ఇదే. క్లబ్ సొంత అకాడమీలో పెరిగిన కుర్రాడికి కొన్న ధరే లేదు కాబట్టి అమ్మిన సొమ్ము దాదాపు అంతా లాభమే. మనకు ఒళ్లు మండినా, అందుకే వాళ్లను ముందు అమ్ముతారు.

తర్వాత సీజన్‌కు క్లబ్ లీగ్‌లో నమోదు చేసే 25 మంది జాబితా రాయండి. హోమ్‌గ్రోన్ (చిన్న వయసులోనే ఇంగ్లండ్ లేదా వేల్స్ క్లబ్బుల్లో కనీసం మూడేళ్లు ఉన్నవాళ్లు) కానివాళ్లు 17 మందికి మించకూడదు. 21 ఏళ్లలోపు విభాగంలో ఉన్నవాళ్లు ఈ లెక్కలోకి రారు.

ప్రతి పేరు పక్కన వయసు, కాంట్రాక్టు ముగిసే ఏడాది, గత సీజన్‌లో ఆడిన నిమిషాలు వేయండి. గోల్స్ కాదు, నిమిషాలే. గాయాల బెడద అక్కడే బయటపడుతుంది. కాంట్రాక్టు రెండేళ్లు మిగిలి ఉండగానే పొడిగించాలా, అమ్మాలా అన్నది తేలాలి. చివరి ఆరు నెలల్లో పడితే ఆటగాడు విదేశీ క్లబ్బుతో మాట్లాడుకుని వేసవిలో ఉచితంగా వెళ్లిపోవచ్చు. ఇది మాత్రం కోచ్ తప్పు కాదు. కాంట్రాక్టులు చాలా క్లబ్బుల్లో స్పోర్టింగ్ డైరెక్టర్ చూసుకుంటాడు, తిట్లు అటు పంపండి.