ఐర్లండ్‌లో ఇండియన్ పాస్‌పోర్ట్ మీద ఉన్నారా? కౌంటీ కౌన్సిల్ ఓటు మీకూ ఉంది, ఎలా వెయ్యాలంటే

మన తెలుగువాళ్ళలో చాలామంది డబ్లిన్ దగ్గర ఓంగార్‌లోనో లూకన్‌లోనో ఆరేడేళ్ల నుంచి ఉంటారు, ఇల్లు కూడా కొనేసుకుంటారు, కానీ ఓటు సంగతి అడిగితే "మనకి సిటిజెన్‌షిప్ లేదు కదండీ" అనేస్తారు. ఆ మాట పార్లమెంట్ ఎన్నికలకి కరెక్టే గానీ కౌన్సిల్, అంటే స్థానిక సంస్థల ఎన్నికలకి కాదు. 18 ఏళ్లు నిండి ఇక్కడ నివాసం ఉంటే చాలు, ఏ దేశం పాస్‌పోర్ట్ అయినా ఓటు వెయ్యచ్చు, పోటీ కూడా చెయ్యచ్చు. కేరళ నుంచి వచ్చిన బేబీ పెరెప్పాడన్ గారు 2024లో సౌత్ డబ్లిన్ కౌంటీకి మేయర్ అయ్యారు, మనలాగే వలస వచ్చినాయనే.

ముందు ఓటర్ల రిజిస్టర్‌లో పేరు ఉందో లేదో చూసుకోండి. చెక్ ద రిజిస్టర్ డాట్ ఐఈ సైట్‌లో పీపీఎస్ నంబరు (ఇక్కడి ప్రభుత్వం ఇచ్చే ఐడీ నంబరు), పుట్టిన తేదీ, ఎయిర్‌కోడ్ (మీ ఇంటి పోస్టల్ కోడ్) ఇస్తే ఐదు నిమిషాల పని. ఎలక్షన్ ప్రకటించాక చూద్దాంలే అనుకోకండి, పోలింగ్‌కి కొన్ని వారాల ముందే గడువు అయిపోతుంది. 2024లో జూన్ 7న పోలింగ్ అయితే రిజిస్ట్రేషన్‌కి మే 20 ఆఖరు. ఎన్నికలు ఐదేళ్లకోసారి కాబట్టి మళ్ళీ 2029లోనే, అదొక్కటి మిస్ అయితే ఇంకో ఐదేళ్లు ఆగాల్సిందే.

ఇక కౌన్సిల్ ఎలా ఉంటుందంటే, దేశం మొత్తం మీద 31 కౌన్సిళ్లు, 949 మంది కౌన్సిలర్లు. మా ఫింగల్ కౌంటీకి 40 మంది, కార్క్ కౌంటీకి 55, లీట్రిమ్ లాంటి చిన్న కౌంటీకి 18. కౌంటీని లోకల్ ఎలక్టోరల్ ఏరియాలుగా విడగొడతారు. మన దగ్గర మండలానికి ఒక జెడ్పీటీసీ, డివిజన్‌కి ఒక కార్పొరేటర్ కదా, ఇక్కడ ఒక్క ఏరియా నుంచే ఐదుగురు, ఆరుగురు, ఏడుగురు కూడా గెలుస్తారు. ఓంగార్‌కి 5 సీట్లు, కాసిల్‌నాక్‌కి 6, స్వోర్డ్స్‌కి 7. అందుకే చిన్న పార్టీలవాళ్ళకీ ఇండిపెండెంట్లకీ కూడా ఛాన్స్ ఉంటుంది.

ఇప్పుడు అసలు విషయం, ఓటు వెయ్యడం. బ్యాలెట్ పేపర్ మీద పేర్లు, ఫొటోలు, పార్టీ గుర్తులు ఉంటాయి, మీకు బాగా నచ్చినవాళ్ళకి 1, తర్వాత 2, 3 అలా నంబర్లు వేసుకుంటూ పోవాలి. ఇంట్లో వాళ్ళు కూరగాయలకి పంపిస్తూ "దొండకాయలు తీసుకురా, లేకపోతే బెండకాయలు, అవీ లేకపోతే వంకాయలు" అని చెప్తారు చూడండి, అచ్చం అంతే. మీ 1 పడిన మనిషి ఓడిపోయి అవుట్ అయితే మీ ఓటు చెత్తబుట్టలోకి పోదు, 2 వేసినవాళ్ళకి వెళ్తుంది. ఆయన గెలిచేసి ఓట్లు మిగిలిపోయినా ఆ మిగులు కూడా కిందివాళ్ళకి పంచుతారు. గెలవడానికి కావాల్సిన సంఖ్యని కోటా అంటారు, చెల్లిన ఓట్లని సీట్ల కంటే ఒకటి ఎక్కువ సంఖ్యతో భాగించి దానికి ఒకటి కలపాలి. ఐదు సీట్లకి 6,000 ఓట్లు పడ్డాయనుకోండి, ఆరుతో భాగిస్తే 1,000, ఒకటి కలిపితే 1,001. ఇలా రౌండ్ల మీద రౌండ్లు లెక్కపెడతారు కాబట్టే కౌంటింగ్ ఒక్కోసారి రెండు మూడు రోజులు నడుస్తుంది.

నేను మొదటిసారి ఒక్క 1 మాత్రం వేసి వచ్చేశాను, నేను వేసినాయన మధ్యలోనే అవుట్ అయిపోయారు, నా ఓటు ఇంక ఎవరికీ వెళ్ళలేదు, చాలా బాధేసింది. మీరు ఎంతమందిని ఒప్పుకోగలరో అంతమందికీ నంబర్లు వెయ్యండి. ఇద్దరికి 1 వేస్తే ఓటు చెల్లదు, 2 తర్వాత 3 మర్చిపోయి 4 వేస్తే ఓటు 2 దగ్గరే ఆగిపోతుంది. పాస్‌పోర్టో డ్రైవింగ్ లైసెన్సో జేబులో పెట్టుకెళ్ళండి, అడగచ్చు. 2024లో లాగా అదే రోజు యూరోపియన్ పార్లమెంట్ ఎన్నిక కూడా ఉంటే పక్కవాళ్ళకి రెండు పేపర్లు ఇచ్చి మీకు ఒకటే ఇస్తారు, కంగారు పడకండి, మన హక్కు కౌన్సిల్ వరకే.

ఎవరికి వెయ్యాలో తేల్చుకునే ముందు కౌన్సిలర్ చేతిలో ఏముందో తెలియాలి. బడ్జెట్, కౌంటీ డెవలప్‌మెంట్ ప్లాన్, ప్రాపర్టీ ట్యాక్స్‌ని కొంచెం పెంచడం తగ్గించడం, ఇవి వాళ్ళు ఓటేసి తేలుస్తారు. రోజువారీ పాలన మాత్రం చీఫ్ ఎగ్జిక్యూటివ్‌ది, మన మున్సిపల్ కమిషనర్ లాగా. మీ ఇంటి ఎక్స్‌టెన్షన్‌కి పర్మిషన్ ఇచ్చేది కూడా ఆఫీసే, కౌన్సిలర్ కాదు. పార్క్, లైబ్రరీ, ఫుట్‌పాత్, వీధి లైట్లు, కౌన్సిల్ అద్దెకిచ్చే ఇళ్ళు అయితే గట్టిగా అడగండి. బస్సులు, స్కూల్ సీట్లు, హాస్పిటల్ లాంటివి వాళ్ళ పరిధిలో లేవు, ఆ హామీలు చూసి ఓటెయ్యకండి. మేయర్‌ని కూడా మనం నేరుగా ఎన్నుకోం, కౌన్సిలర్లే ఏడాదికోసారి తమలో ఒకరిని పెట్టుకుంటారు, లిమరిక్‌లో మాత్రం 2024 నుంచి జనమే ఎన్నుకుంటున్నారు.

మధ్యలో ఎవరైనా రాజీనామా చేస్తే ఉపఎన్నిక ఉండదు, సాధారణంగా అదే పార్టీ సూచించినవాళ్ళని తీసుకుంటారు.

ఇల్లు మారితే కొత్త ఎయిర్‌కోడ్‌తో రిజిస్టర్ మార్చుకోండి, లేకపోతే పేరు పాత ఏరియాలోనే ఉండిపోతుంది. ఐరిష్ సిటిజెన్‌షిప్ వచ్చినా అప్‌డేట్ చెయ్యాలి, అప్పుడే పార్లమెంట్ ఓటు కూడా మీ చేతికి వస్తుంది.