తుపాన్ల కాలానికి ముందు, సముద్రం పక్క ఇంటిని పరీక్ష చేయిస్తుంటే

వేడి, తేమ, ఉప్పు గాలి మూడూ ఉన్న తీరంలో ఇల్లు కొంటున్నా, ఉన్న ఇంటినే వానలకు ముందు ఇంజనీరుకు చూపిస్తున్నా, కొత్తగా వేసిన రంగును చూసి ధైర్యపడకండి. అక్కడ ఇల్లు లోపలి నుంచి పాడవుతుంది. పైకి కనిపించేసరికి సగం నష్టం జరిగిపోయి ఉంటుంది.

కాంక్రీటుకున్న క్షారగుణం వల్ల లోపలి ఇనుప చువ్వలకు మామూలుగా తుప్పు పట్టదు. గాలిలోని ఉప్పు తేమతో కలిసి మెల్లగా లోపలికి దిగితే ఆ రక్షణ పోతుంది. తుప్పు పట్టిన ఇనుము 2 నుంచి 6 రెట్ల దాకా ఉబ్బి, పైనున్న కాంక్రీటును బయటికి నెడుతుంది. పెచ్చులు ఊడేది అందుకే. ప్లాస్టరింగ్ మీద వంకరటింకరగా పోయే సన్నని గీతలకు అంత కంగారు అక్కర్లేదు. చువ్వ వెంట తిన్నగా సాగే పగులు, దాని పక్కన గోధుమరంగు మరక కనిపిస్తే మాత్రం అక్కడ ఆగండి.

చిన్న సుత్తితో మెల్లగా తట్టించండి. గట్టి కాంక్రీటు ఖంగుమంటుంది, లోపల విడిపోయినది డొల్లగా మోగుతుంది. రంగు కంటిని మోసం చేసినా ఈ చప్పుడు చెవిని మోసం చేయదు. సజ్జల అడుగుభాగం, బాల్కనీ అంచు, పిల్లర్ల మొదలు, బాత్‌రూమ్ కింది స్లాబు, పైన ట్యాంకు ఉన్న చోటు తప్పకుండా తట్టి చూడాలి. అనుమానం తీరకపోతే హాఫ్ సెల్ పరీక్ష చేయించండి, చువ్వకు తుప్పు పట్టే అవకాశం ఎక్కడ ఎక్కువో చెబుతుంది. రీబౌండ్ హామర్ పరీక్ష ఒక్కటే చేసి బాగుందంటే ఒప్పుకోవద్దు. అది పైపొర గట్టిదనాన్నే చూపిస్తుంది, తుప్పు సంగతి చెప్పదు. కట్టేటప్పుడు వాడిన ఇసుక, నీళ్లు ఎక్కడివో కూడా అడగండి. కడగని సముద్రపు ఇసుకో, ఉప్పు బోరు నీళ్లో వాడి ఉంటే ఉప్పు మొదటి రోజు నుంచే లోపల ఉన్నట్టు.

వీలైతే ఇంటిని రెండుసార్లు చూడండి. పొడిగా ఉన్నప్పుడు పగుళ్లు బాగా తెలుస్తాయి, పెద్ద వాన పడిన మర్నాడు చెమ్మ తెలుస్తుంది. వాన కోసం ఆగే టైమ్ లేకపోతే కిటికీల మీద పైపుతో నీళ్లు పట్టి చూడవచ్చు, కింది నుంచి మొదలుపెట్టి పైకి వెళ్తే లీకు ఎక్కడో దొరుకుతుంది. డాబా మీద నీళ్లు నిలబెట్టే పరీక్ష మాత్రం స్లాబు గట్టిదని తేలాకే. 10 సెంటీమీటర్ల లోతు నీళ్లంటే చదరపు మీటరుకు 100 కిలోల బరువు.

రేకుల కప్పయితే గాలి లాగుడు అంచుల దగ్గర, మూలల్లో ఎక్కువ. అక్కడి స్క్రూలు, వాటి కింది రబ్బరు వాషర్లు, కప్పును గోడకు పట్టి ఉంచే బిగింపులు ఒక్కొక్కటీ చూడమనండి. మీరు మాత్రం రేకుల మీదికి ఎక్కకండి.

చెదల విషయానికి వస్తే, గోడ మీద మట్టి దారి కనిపిస్తే కొంచెం చిదిపి వదిలేయండి. నాలుగు రోజుల్లో మళ్లీ అతుక్కుంటే లోపల చెదలు బతికే ఉన్నట్టు. ఉసిళ్లంటే రెక్కలొచ్చిన చెదలే, కిటికీ గట్టు మీద వాటి రెక్కలు రాలి ఉన్నా అనుమానించాల్సిందే.

కరెంటు బోర్డు ఎలక్ట్రీషియన్ చేతే తెరిపించండి. స్క్రూల దగ్గర పచ్చటి చిలుము ఉందా, ఎర్తింగ్ తీగ తెగిపోలేదు కదా, కరెంటు లీకైతే సరఫరాను ఆపేసే 30 మిల్లీ యాంపుల ఆర్‌సీసీబీ స్విచ్ టెస్ట్ బటన్ నొక్కితే పడిపోతుందా, ఈ మూడూ ముఖ్యం.

అమ్మేవాళ్లు తెచ్చిన మనిషితో పరీక్ష చేయించకండి, రిపేరు కాంట్రాక్టు ఆశించేవాళ్లతో అసలే వద్దు. పరీక్ష జరుగుతున్నంతసేపూ పక్కనే ఉండండి, రాసుకోండి. రిపోర్టులో ఫొటోలతో పాటు, ఏ ఏ చోట్లు చూడటం కుదరలేదో కూడా రాయించుకోండి. తర్వాత ఇబ్బంది పెట్టేవి ఎక్కువగా ఆ చూడని చోట్లే.

రిపోర్టు వచ్చాక వానల్లోపు అన్నీ బాగుచేయించలేకపోవచ్చు. పిల్లర్లలో, బీముల్లో తుప్పు పగులు ఉంటే స్ట్రక్చరల్ ఇంజనీరు చూసేదాకా దానిమీద సిమెంటు పూయనివ్వకండి. మనుషులు నడిచే చోట తలపైన వదులుగా ఉన్న పెచ్చులను పనివాళ్లతో ఆ వారంలోనే దించేయించండి. అప్పటిదాకా ఆ కింద పిల్లల్ని ఆడనివ్వకండి.