జీతాల షీట్ మీటింగ్ దాటి బయటికి పోకుండా నేను చేసే పనులు

పోయిన అప్రైజల్ సీజన్‌లో మేనేజర్లందరినీ ఒకే మీటింగ్‌లో కూర్చోబెట్టి, 32 మంది పేర్లు, పాత జీతం, కొత్త జీతం ఉన్న ఎక్సెల్ షీట్ షేర్ చేశాను. సాయంత్రానికల్లా ఆ షీట్ ఫొటో వాట్సాప్ గ్రూపుల్లో తిరిగింది. మర్నాడు ఒక అమ్మాయి నా క్యాబిన్ తలుపు దగ్గరే నిలబడి, "మేడమ్, నా జీతం టీమ్ మొత్తానికీ తెలిసిపోయింది. వాళ్ల మధ్య ఎలా కూర్చోవాలి?" అని అడిగింది. ఏం చెప్పాలో తోచలేదు. ఆ ఫొటో తీసిందెవరో ఈ రోజుకీ తెలియదు. హెచ్ఆర్‌లో పనిచేసే వాళ్లెవరికీ ఆ పరిస్థితి రాకూడదనే ఇది రాస్తున్నాను.

ఆన్‌లైన్ మీటింగ్‌లకు మేం వాడేది మైక్రోసాఫ్ట్ టీమ్స్ యాప్. స్క్రీన్‌షాట్ ఆపే సదుపాయం అందులో మామూలు లైసెన్స్‌తో రాదు, టీమ్స్ ప్రీమియం కావాలి. మీటింగ్ పెట్టేవాళ్లకు అది ఉందో లేదో ముందు ఐటీ వాళ్లను అడగండి. ఉంటే క్యాలెండర్‌లో మీటింగ్ తెరిచి, మీటింగ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి, స్క్రీన్ క్యాప్చర్‌ను ఆపే స్విచ్ ఆన్ చేసి సేవ్ కొట్టండి. అది దానంతట అదే ఆన్‌లో ఉండదు. మీటింగ్ పెట్టినవాళ్లు గానీ, కో-ఆర్గనైజర్ గానీ గుర్తుపెట్టుకుని చేయాలి. అక్కడే రికార్డింగ్ ఎవరు చేయొచ్చో కూడా అడుగుతుంది. నేను ఆర్గనైజర్లకు మాత్రమే వదులుతాను.

ఒక చిక్కుంది. ఈ సదుపాయం లేని యాప్‌తో చేరినవాళ్లకు మాటలు వినిపిస్తాయి గానీ స్క్రీన్ కనిపించదు. మొదటిసారి ఒక మేనేజర్‌కు ఇలాగే జరిగింది. నెట్ బాగాలేదనుకుని ఆయన మూడుసార్లు బయటికి వెళ్లి మళ్లీ చేరారు, పది నిమిషాలు పోయాయి. అందుకే ముందు రోజే "యాప్ అప్‌డేట్ చేసుకోండి" అని అందరికీ మెసేజ్ పెడుతున్నాను.

ఇంత చేసినా, ఎదురుగా ఫోన్ పట్టుకుని లాప్‌టాప్‌ను ఫొటో తీస్తే ఏ సాఫ్ట్‌వేరూ ఆపలేదు. దానికి వాటర్‌మార్క్ పెట్టుకోవాలి. టీమ్స్‌లో అదీ ప్రీమియంలోనే, మీటింగ్ ఆప్షన్స్‌లోనే ఉంటుంది. ఆన్ చేస్తే చూసేవాళ్ల మెయిల్ ఐడీ వాళ్ల తెర మీదే, అంకెల మీదుగా పలచగా పరుచుకుని ఉంటుంది. ఫొటో తీస్తే అందులో తీసినవాళ్ల ఐడీ కూడా పడుతుంది. జూమ్ వాడేవాళ్లకు సెట్టింగ్స్‌లోనే వాటర్‌మార్క్ ఉంది, కాకపోతే లాగిన్ అయినవాళ్లే చేరేలా ముందు పెట్టుకోవాలి. వాటర్‌మార్క్ పెట్టిన సంగతి నేను దాచను. మీటింగ్ మొదలవగానే "మీ ఐడీ మీ స్క్రీన్ మీద కనిపిస్తుంది, కంగారు పడకండి" అని చెప్పేస్తాను. తెలియకుండా పెడితే నమ్మకం పోతుంది.

వీటన్నిటికంటే నాకు ఎక్కువ ఉపయోగపడింది షీట్‌ను ముక్కలు చేయడం. 32 వరుసలూ అందరికీ చూపించడం నా తప్పే. ఇప్పుడు ఒక్కో మేనేజర్‌తో విడిగా కూర్చుంటాను, వాళ్ల టీమ్ వరుసలు మాత్రమే వేరే ఫైల్‌లో పెట్టి చూపిస్తాను. ఐదారు వరుసలే కాబట్టి పావుగంటలో అయిపోతుంది. మిగతా వరుసలను దాచిపెట్టిన షీట్ వాడకండి, ఒక్క క్లిక్‌తో అవన్నీ బయటపడతాయి. ఫైల్‌ను చాట్‌లో వేయను కూడా.

మీటింగ్‌కు పది నిమిషాల ముందు మా టీమ్‌లో ఒకరిని చేరమని, ఖాళీ షీట్ షేర్ చేస్తాను. వాళ్లు విండోస్, షిఫ్ట్, ఎస్ నొక్కి స్క్రీన్‌షాట్ తీసి పెయింట్‌లో పేస్ట్ చేస్తారు. పక్కన తెరిచి ఉన్న ఔట్‌లుక్ అందులో మామూలుగానే వస్తుంది, మీటింగ్ ఉన్న చోట మాత్రం నల్లటి పలక పడాలి. "నల్లగానే వచ్చింది మేడమ్" అన్న తర్వాతే అసలు షీట్ తెరుస్తాను.