మానేదాకా ప్రాణం నిలవాలి: కౌన్సెలింగ్‌లో నష్టం తగ్గించే పద్ధతి

మద్యానికో మత్తుమందుకో అలవాటుపడి వచ్చిన మనిషిని "ముందు మానేసి రండి, తర్వాత మాట్లాడదాం" అని పంపించేస్తే ఆ మనిషి మళ్లీ రాడు. హార్మ్ రిడక్షన్ (నష్టం తగ్గించే) పద్ధతిలో మానడం షరతు కాదు. పూర్తిగా మానాలని కొందరు కోరుకుంటారు, కొందరు ఇంకా ఆ మాటకే సిద్ధంగా ఉండరు. ఇద్దరి విషయంలోనూ కౌన్సెలర్ మొదటి పని ఒకటే: ఈలోగా ప్రాణం పోకుండా, కొత్త జబ్బు అంటకుండా చూడటం. మొదటి సెషన్ ముగిసేసరికి ఏం, ఎంత, ఎలా వాడుతున్నారో మీకు కచ్చితంగా తెలియాలి. రెండోసారి వస్తామని వాళ్లు ఒప్పుకోవాలి. ఈ రెండూ జరిగితే చాలు.

లెక్క తీయడం

"రోజూ తాగుతారా?" అంటే "ఏదో కొంచెం" అంటారు. అది అబద్ధమని అనుకోకండి, చాలామందికి తమ లెక్క నిజంగానే తెలియదు. నిన్నటితో మొదలుపెట్టి ఏడు రోజులు వెనక్కి, ఒక్కో రోజూ విడిగా అడగండి. మొదటి గుక్క ఎన్నింటికి? ఏ మందు? సీసా ఎంతది, అందులో ఎంత మిగిలింది? భోజనం చేశారా? నిద్రమాత్రలేమైనా వేసుకున్నారా?

తర్వాత గ్రాముల్లోకి మార్చండి. మిల్లీలీటర్లను ఆల్కహాల్ శాతంతో గుణించి, 100తో భాగించి, 0.79తో గుణించాలి. 500 మి.లీ. బీరు 5 శాతానిదైతే దాదాపు 20 గ్రాములు, అదే కొలత 8 శాతానిదైతే 32. 40 శాతం ఉన్న విస్కీ 200 మి.లీ. అంటే 63 గ్రాములు. కాగితం మీద ఈ లెక్క వాళ్ల చేతనే వేయించండి. "బీరే కదా" అనే మనిషి 32 అన్న అంకె చూసి కాసేపు మౌనంగా ఉంటాడు. ఆ మౌనంలో మీరు ఉపన్యాసం మొదలుపెట్టకండి.

"రేపటి నుంచి బంద్" అన్నప్పుడు

ఈ మాట వినగానే ఇంట్లోవాళ్లు సంతోషిస్తారు, అనుభవం లేని కౌన్సెలరూ మెచ్చుకుంటాడు. అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. రోజూ బాగా తాగేవాళ్లు, పొద్దున్నే చేతులు వణికేవాళ్లు ఒక్కసారిగా ఆపితే 6 నుంచి 48 గంటల్లో ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు డెలీరియం ట్రెమెన్స్ మొదలవ్వచ్చు. మనిషి తికమకపడతాడు, లేనివి కనిపిస్తాయి, జ్వరం వస్తుంది, గుండె దడ పెరుగుతుంది. చికిత్స అందకపోతే ప్రాణం పోవచ్చు. అందుకని ముందే అడగండి: "ఇంతకు ముందు ఆపినప్పుడు ఏమైంది?" ఫిట్స్ గానీ డెలీరియం గానీ వచ్చి ఉంటే ఇంట్లో ఆపే ప్రయత్నం వద్దు, ఆసుపత్రికి పంపాలి. మిగతావాళ్లు కూడా డాక్టరును కలిసేదాకా ఉన్నపళంగా ఆపకూడదు. థయమిన్ (విటమిన్ బి1) ఇవ్వాలా అన్నదీ డాక్టరుతో మాట్లాడమనండి. చాలాకాలంగా నిద్రకో ఆందోళనకో ఇచ్చే బెంజోడయజెపైన్ మాత్రలు వాడుతున్నవాళ్లకూ ఇదే జాగ్రత్త.

ఓపియాయిడ్లు వాడేవాళ్లతో

ఓపియాయిడ్లంటే హెరాయిన్ లాంటి, నల్లమందు జాతి మందులు. వాటిని ఆపితే నరకంగా ఉంటుంది గానీ, ఆ బాధ వల్లే ప్రాణం పోవడం అరుదు. ప్రమాదం తర్వాత వస్తుంది. డీటాక్స్ (మత్తు దించే చికిత్స), జైలు, ఆసుపత్రి, ఎక్కడైనా సరే కొద్ది రోజులు వాడకపోతే శరీరం తట్టుకునే శక్తి పడిపోతుంది. బయటికొచ్చి పాత మోతాదే తీసుకుంటే ఊపిరి ఆగిపోతుంది. ఈ ముక్క డిశ్చార్జి రోజున కాదు, చేరిన మొదటి వారంలోనే చెప్పాలి. "మళ్లీ వాడమని చెప్పినట్టవుతుందేమో" అన్న సంకోచంతో చాలామంది దీన్ని దాటేస్తారు. దయచేసి దాటేయకండి. ఒంటరిగా వాడొద్దు, మద్యంతోనూ నిద్రమాత్రలతోనూ కలపొద్దు, మొదట చాలా తక్కువతో చూడాలి, ఓపియాయిడ్ మోతాదు మించినప్పుడు దానికి విరుగుడైన నలోక్సోన్ దగ్గరుండాలి.

స్పృహ తప్పిన మనిషి నలోక్సోన్ తనకు తాను కొట్టుకోలేడు కాబట్టి ఇంట్లోవాళ్లకు నేర్పాలి. మోతాదు మించిన మనిషి పిలిచినా, రొమ్ము ఎముక మీద పిడికిలితో గట్టిగా రుద్దినా లేవడు. ఊపిరి నెమ్మదిస్తుంది, పెదాలు నీలంగా మారతాయి, గొంతులో గురగుర వినిపిస్తుంది. "గురకే కదా, పడుకోనీ" అని వదిలేస్తే మనిషి దక్కడు. అంబులెన్సుకు ఫోన్ చేసి, ఒక ముక్కు రంధ్రంలో స్ప్రే కొట్టాలి. ముక్కు స్ప్రేలో ఒక్క మోతాదే ఉంటుంది, పనిచేస్తుందో లేదో చూద్దామని ముందు గాల్లో నొక్కితే అయిపోయినట్టే. ఊపిరి లేకపోతే 5 సెకన్లకు ఒకటి చొప్పున నోటితో శ్వాస ఇవ్వాలి. 2, 3 నిమిషాల్లో మార్పు లేకపోతే రెండో స్ప్రే ఇంకో రంధ్రంలో కొట్టాలి. లేచాక పక్కకు తిప్పి పడుకోబెట్టి, అంబులెన్సు వచ్చేదాకా కనిపెట్టుకుని ఉండాలి. నలోక్సోన్ ప్రభావం 30 నుంచి 90 నిమిషాలే, అది తగ్గాక మళ్లీ ఊపిరి ఆగవచ్చు. చన్నీళ్లు పోయడం, ఉప్పునీళ్లు ఎక్కించడం వద్దే వద్దు.

సూదితో ఎక్కించుకునేవాళ్లకు ప్రతిసారీ కొత్త సిరంజి కావాలి. సూది ఒక్కటే కొత్తది వాడి నీళ్లు, దూది, చెంచా పంచుకున్నా హెపటైటిస్ సి అంటుకుంటుంది. హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి పరీక్షలు, బి టీకా గురించి చెప్పండి. సి ఇప్పుడు చాలామందికి 8 నుంచి 12 వారాల మాత్రలతో నయమవుతుంది.

హెరాయిన్ లాంటివాటికి బదులుగా డాక్టరు ఇచ్చే మెథడోన్, బ్యూప్రినార్ఫిన్‌లను "ఒక మత్తు పోయి ఇంకో మత్తు" అని తీసిపారేయొద్దు, అవి మరణాలను తగ్గించే మందులు. బ్యూప్రినార్ఫిన్‌తో తరచూ జరిగే పొరపాటు తొందరపాటు. హెరాయిన్ తర్వాత కనీసం 12 గంటలు ఆగి, విత్‌డ్రాయల్ లక్షణాలు (మత్తు ఆపినప్పుడు వచ్చే బాధలు) కనిపించాకే మొదటి మాత్ర వేయాలి. ముందే వేస్తే బాధ ఒక్కసారిగా విరుచుకుపడుతుంది, "ఈ మందు నాకు పడదు" అని చికిత్సే వదిలేస్తారు.

ఒక్క మార్పు ఒప్పించడం

"మార్చుకోవడం మీకు ఎంత ముఖ్యం, 0 నుంచి 10లో?" అని అడగండి. 4 అంటే, "8 ఎందుకు కాదు?" అనకండి, సాకులే వస్తాయి. "1 ఎందుకు కాదు?" అనండి. అప్పుడు పిల్లల గురించో ఉద్యోగం గురించో వాళ్ల నోటితోనే కారణం చెబుతారు. అదే మాటను వాళ్లకు తిరిగి వినిపించి, ఒక్క మార్పు అడగండి. "తగ్గిస్తాను" పనికిరాదు. "శుక్రవారం భోజనం చేశాకే మొదలుపెడతాను, బండి తాళం తమ్ముడికి ఇచ్చేస్తాను" అన్నది పనికొస్తుంది, వచ్చే వారం సరిచూడొచ్చు.

జరగకపోతే "ఎందుకు తాగారు?" అనకుండా "ఆ రోజు సాయంత్రం ఏం జరిగింది?" అని గంట గంటకూ అడగండి. ఏ క్షణంలో జారిందో అక్కడ దొరుకుతుంది, తర్వాతి అడుగు అంతకంటే చిన్నదిగా పెట్టండి.

మత్తులోనే వచ్చినా వెళ్లగొట్టకండి. ఆ రోజు పెద్ద మాటలేవీ వద్దు. ఊపిరి, నడక, మాట సరిగా ఉన్నాయో లేదో చూసి, బండి నడపకుండా ఇంటికి చేరే ఏర్పాటు చేసి, తర్వాతి సెషన్ తేదీ కాగితం మీద రాసి జేబులో పెట్టండి.