రాత్రి వార్డులో అలసటను తగ్గించుకోవడం ఎలా?

ఆసుపత్రి సిబ్బంది అలసట గురించి మాట్లాడేటప్పుడు రోగిని మరచిపోవడం, రోగి నీరసం గురించి మాట్లాడేటప్పుడు సిస్టర్లనూ డాక్టర్లనూ మరచిపోవడం మనకు అలవాటు. తిరుపతిలో స్టాఫ్ నర్సుగా చాలా ఏళ్లు రాత్రి డ్యూటీలు చేసిన అనుభవంతో చెబుతున్నాను: ఈ రెండు అలసటలూ ఒకే రాత్రిలో పుడతాయి. రోగిని అనవసరంగా నిద్రలేపిన ప్రతిసారీ డ్యూటీలో ఉన్న మనిషి కూడా లేచి ఆ మంచం దాకా నడవవలసి వస్తుంది. అందుచేత రాత్రి పనిని సరిగా పేర్చుకుంటే ఇద్దరికీ విశ్రాంతి దొరుకుతుంది.

ముందుగా రాత్రిలో ప్రమాదమున్న వేళను గుర్తించాలి. కొండపైన సుప్రభాతం మొదలయ్యే మూడు గంటల వేళ నుంచి తెల్లవారే వరకు శరీరపు లోపలి గడియారం మనిషిని నిద్రలోకి లాగుతూనే ఉంటుంది. ఎంత అలవాటున్నా ఈ వేళ చూపు మందగిస్తుంది, లెక్క తప్పుతుంది. ఒక ఆసుపత్రిలో నా వరుస నాలుగో రాత్రి ముగియవస్తుండగా, ఉదయం టిఫినుకు ముందు ఇవ్వవలసిన ఇన్సులిన్ తీస్తున్నాను. మోతాదు 20 యూనిట్లు. చేతిలోని మందు మిల్లీలీటరుకు 100 యూనిట్లది, తీసుకున్న సిరంజి మాత్రం ఎర్ర మూత ఉన్న, మిల్లీలీటరుకు 40 యూనిట్ల మందు కోసం చేసిన రకం. ఆ సిరంజిలో 20 గీత వరకు ఆ మందు లాగితే ఒంట్లోకి వెళ్లేది 20 కాదు, 50 యూనిట్లు. మంచం పక్కన చాప మీద కూర్చున్న రోగి కూతురు, "సిస్టర్, నిన్న సూదికి నారింజ రంగు మూత ఉండింది కదా, ఈపొద్దు ఎర్రది పెట్టినారే?" అని అడగకపోయి ఉంటే నేను గమనించేదాన్ని కాను.

అందుకని తెల్లవారుజామున ఇన్సులిన్, పొటాషియం, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్, ఎక్కించే రక్తం వంటివి ఇచ్చేటప్పుడు రెండో మనిషిని పిలిచి, పేరు, మోతాదు, సిరంజి రకం పైకి చదివి సరిచూసుకోవాలి. రెండో మనిషి దొరకని చోట కనీసం తోడున్నవారికైనా ఏమి ఇస్తున్నామో చెప్పి ఇవ్వాలి. వారు ప్రశ్న వేస్తే మనసు కష్టపెట్టుకోకూడదు. తోడున్నవారు కూడా అడగడానికి మొహమాటపడకూడదు.

రాత్రి ఎనిమిదింటికి డ్యూటీ ఎక్కే ముందు మధ్యాహ్నం గంటన్నర నిద్రపోతే రాత్రి చాలావరకు నిలుస్తుంది. నడిరాత్రి తరువాత వంతులవారీగా 20 నిమిషాల కునుకుకు అవకాశమిస్తే మంచిది. అయితే లేచిన వెంటనే మందు కలపడం, మోతాదు లెక్కించడం పెట్టుకోకుండా, ముఖం కడుక్కుని పావుగంట నడిచిన తరువాతే ఆ పనికి పూనుకోవాలి. కాఫీలోని కెఫీన్ సగం తగ్గడానికి సుమారు 5 గంటలు పడుతుంది కాబట్టి, ఇంటికి వెళ్లి నిద్రపోదలచినవారు తెల్లవారుజామున మూడు దాటిన తరువాత కాఫీ జోలికి పోకపోవడమే మేలు.

డ్యూటీ మార్పు వేళ అలసిన మనిషి జ్ఞాపకం మీద ఆధారపడకూడదు. పరిస్థితి విషమంగా ఉన్నవారితో మొదలుపెట్టి, జబ్బు ఏమిటి, మిగిలిన పని ఏమిటి, రాత్రి పరిస్థితి చెడితే ఏమి చేయాలి అన్నవి ఒక వరుసలో చెప్పాలి. విన్నవారు తిరిగి అప్పజెప్పాలి. అమెరికా, కెనడాల్లోని 9 ఆసుపత్రుల పిల్లల విభాగాల్లో ఈ తరహా పద్ధతి అమలు చేసి 2014లో ప్రచురించిన అధ్యయనంలో వైద్యపరమైన పొరపాట్లు 23 శాతం తగ్గాయి.

రెసిడెంట్ డాక్టర్లు, అంటే ఆసుపత్రిలో పనిచేస్తూ పీజీ చదివే డాక్టర్లు, మామూలుగా ఏకబిగిన 12 గంటలు, వారానికి 48 గంటలు మించి పనిచేయకూడదని 1992 నాటి కేంద్ర రెసిడెన్సీ పథకం చెబుతోంది. ఆ కాగితానికీ వార్డుకూ మధ్య దూరం పీజీలకు నేను చెప్పనక్కరలేదు. వారికి నేను గట్టిగా చెప్పేది ఇంటికి వెళ్లే దారి గురించి. 17 గంటలు మేలుకొని ఉన్న మనిషి పనితీరు రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపించారు. మన మోటారు వాహనాల చట్టం అనుమతించే హద్దు 0.03 శాతమే. కనుక రాత్రంతా మేలుకొన్నవారు రేణిగుంట వైపో చంద్రగిరి వైపో బండి నడుపుకుంటూ వెళ్లకుండా, షేర్ ఆటోలోనో ఇంటివాళ్ల బండి వెనుకనో కూర్చుని వెళ్లాలి.

ఇక రోగుల సంగతి. పరిస్థితి నిలకడగా ఉన్నవారికి బీపీ, టెంపరేచర్, పది గంటల మాత్రలు, సెలైన్ మార్చడం అన్నీ ఒకే విడతలో ముగించి, పదకొండు నుంచి ఐదు వరకు లేపనవసరం లేకుండా చేయవచ్చునా అని సాయంత్రం రౌండ్సులోనే డాక్టరును అడిగి కేస్ షీటులో రాయించుకోవాలి. మూత్రం ఎక్కువయ్యే మాత్రలను, స్టెరాయిడ్లను వీలైతే ఉదయానికి మార్చమని కూడా అప్పుడే అడగాలి. పెద్ద లైట్లు ఆర్పి, సెల్‌ఫోన్ల శబ్దం తగ్గిస్తే సగం వార్డు నిద్రపోతుంది. వయసు మళ్లినవారికి కళ్లద్దాలు, వినికిడి యంత్రం చేతికందేలా ఉంచి, తెలిసిన ముఖం ఒకటి దగ్గరుంటే రాత్రిపూట తికమకపడటం తగ్గుతుంది.

నీరసమంటే మనవాళ్లకు వెంటనే గుర్తొచ్చేది గ్లూకోజు బాటిలు. "ఒక సెలైన్ ఎక్కించండి సార్, లేచి కూర్చుంటాడు" అని పీలేరు నుంచి వచ్చినవారూ పలమనేరు నుంచి వచ్చినవారూ ఒకే మాట చెబుతారు. అర లీటరు 5 శాతం గ్లూకోజులో ఉండేది 25 గ్రాముల చక్కెర, అంటే సుమారు 100 కేలరీలు. రెండు ఇడ్లీలు తినగలిగిన మనిషికి అది ఇడ్లీల కంటే ఎక్కువ ఇచ్చేదేమీ లేదు. గుండె, కిడ్నీ జబ్బులున్నవారికి ఆ అదనపు నీరే ఆయాసం తెస్తుంది. దానికి బదులు, డాక్టరు అనుమతిస్తే, మూడు పూటలా మంచం దిగి కుర్చీలో కూర్చుని తినేలా చూడాలి, ఎందుకంటే పడుకున్న ప్రతిరోజూ కాళ్ల కండ కరుగుతుంది. అయితే ఉన్నట్టుండి మగతగా మారినా, పొంతన లేకుండా మాట్లాడినా, ఊపిరి వేగం పెరిగినా దానిని అలసట అనుకోకుండా వెంటనే సిస్టరును పిలవాలి.

తోడున్నవారు వరండాలో చాప మీద వరుసగా రెండు రాత్రులకు మించి పడుకోకుండా వంతులు వేసుకోవాలి. వచ్చేవారికి మందుల చీటీ ఇచ్చి, అడగవలసిన ప్రశ్నలు చెప్పి వెళ్లాలి.

డయాలసిస్ రోగుల అలసట వేరు. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు యంత్రానికి కట్టుబడి, పాకాల నుంచి తెల్లవారకముందే బస్సెక్కి వచ్చినవారికి ఆ రోజే స్కానింగూ ఇంకొక డాక్టరు దగ్గర చూపించుకోవడమూ కలిపి పెట్టకూడదు. ప్రయాణం కలిసొస్తుందని అలా పెట్టుకుంటారు గాని, సాయంత్రానికి ఆ మనిషి బస్సు మెట్టు ఎక్కలేడు. హిమోగ్లోబిన్ ఎంత ఉందో ప్రతినెలా అడిగి ఒక పుస్తకంలో రాసుకోవాలి. డయాలసిస్ తరువాత అలసట తీరడానికి ఎన్ని గంటలు పట్టిందో కూడా దాని పక్కనే రాస్తే, ఆ పేజీని చూసి డాక్టరు యంత్రం తీసే నీటి పరిమాణాన్ని, వేగాన్ని మార్చవలసి ఉందేమో చెప్పగలుగుతారు.