ఇంటి తోటలో అందం కోసం చెట్టు నాటడం ఎలా?

నర్సరీలో మోకాలెత్తు మొక్కను చూసి ముచ్చటపడే ముందు, అది ఎదిగాక ఎంత చోటు ఆక్రమిస్తుందో కనుక్కోండి. తురాయి గొడుగులా అడ్డంగా విస్తరిస్తుంది. దాని వేళ్లు పైపైనే పాకి గచ్చును లేపేస్తాయి, కాబట్టి గోడ పక్కన వద్దు. చిన్న జాగా అయితే దేవగన్నేరు, పారిజాతం చాలు. ఏడాది పొడవునా నీడ కావాలంటే పొగడ నాటండి, కానీ అది నెమ్మదిగా పెరుగుతుంది. పసుపు గుత్తులతో వేలాడే రేల చెట్టుకు బాగా ఎండ తగలాలి. నీడలో పూత పలచబడుతుంది.

తర్వాత నేల సంగతి. అడుగు లోతు గుంత తీసి నీళ్లు నింపండి. ఇంకాక మళ్లీ నింపండి. మర్నాటికీ నీళ్లు నిలిచే ఉంటే అక్కడ వేళ్లు కుళ్లుతాయి, ముఖ్యంగా దేవగన్నేరువి. మట్టి ఎత్తు చేసి నాటండి, లేదా చోటు మార్చండి.

నాటే గుంత వెడల్పు మొక్క వేళ్ల చుట్టూ ఉన్న మట్టిముద్దకు రెండు మూడింతలు ఉండాలి. లోతు మాత్రం ముద్ద ఎత్తుకు మించకూడదు. మించితే అడుగున మట్టి వదులై, నీళ్లు పోసేకొద్దీ మొక్క దిగబడుతుంది. కవర్ కోసి వేళ్లు చూడండి. గుండ్రంగా చుట్టుకున్నవాటిని విడదీయండి, రానివాటిని కత్తిరించండి. వదిలేస్తే కొన్నేళ్లకు అవే కాండాన్ని బిగించేస్తాయి.

అన్నిటికంటే నేను పట్టుబట్టి చెప్పేది ఇది: లోతుగా పాతకండి. కాండం వేళ్లుగా విచ్చుకునే చోట మొదలు కాస్త లావుగా ఉంటుంది. ఆ లావు నేల పైకి కనబడాలి. చాలాసార్లు నర్సరీ కవర్లోనే అది మట్టిలో కూరుకుపోయి ఉంటుంది. చేతివేళ్లతో పైమట్టి గీకుతూ పోతే దొరుకుతుంది. అక్కడిదాకా మట్టి తీసేసి నాటండి. మొదలు మట్టిలో ఉంటే బెరడు ఎప్పుడూ తడిగా ఉండి కుళ్లుతుంది, చెట్టు ఏళ్ల తరబడి నీరసించి చస్తుంది.

గుంతను తవ్విన మట్టితోనే పూడ్చండి. పాదు చేసి నిండా నీళ్లు పోయండి. పైన 2-3 అంగుళాల మందాన ఎండుటాకులు పరవండి, కాండానికి మాత్రం బెత్తెడు దూరంలో. మొదటి ఏడాది రోజూ చెంబెడు చల్లడం కంటే, పైమట్టి ఆరాక లోతుకు దిగేలా పోయడం మేలు. అప్పుడే వేళ్లు కిందికి వెళ్తాయి. ఊతకర్ర అవసరమైతేనే కట్టండి, ఏడాదిలోగా తీసేయండి.

కత్తిరింపు పూత అయ్యాకే. దేవగన్నేరు కొమ్మ కొసలనే పూస్తుంది, కొస నరికితే కొత్త చిగురు ఎదిగేదాకా ఆ కొమ్మకు పూలుండవు.